పెదవులు మూసే అక్షరం

జూన్ 9

అత్తయ్యా,

ముందు ఫిర్యాదు, ఆ తర్వాతే కుశలం. ఆదివారం వార్డెన్ గదిలో ఫోను కోసం అంత వరసలో నిలబడి, తీరా నా వంతు వచ్చేసరికి నువ్వు పలకకపోతే ఎలా? మామయ్య ఎత్తి "మీ అత్తకి గొంతు పట్టేసిందమ్మా" అని పెట్టేశాడు. కిందటి వారమూ అదే మాట. నాన్నని అడిగితే జలుబు అన్నాడు. బస్టాండు మైకులో నువ్వు నోరు విప్పితే అవతలి వీధిలో టీ తాగేవాళ్లు కూడా గ్లాసు కింద పెట్టి పరిగెత్తుకొస్తారు. అలాంటి గొంతుకి జలుబేమిటి? వేడినీళ్లు తాగు, మామయ్యతో పోట్లాట తగ్గించు.

ఇక అసలు సంగతి. మా రూమ్మేటు అలమర తలుపు లోపలివైపంతా కొరియా పాటగాళ్ల బొమ్మలే. ఏడుగురు. సంక్రాంతి సెలవుల్లో నీకు వాళ్ల పాట వినిపిస్తే "పాట బాగానే ఉంది గానీ ఆ నీలిజుట్టు పిల్లాడికి చెప్పేవాళ్లు లేరా?" అన్నావు చూడు, వాళ్లే. మొన్న మెస్సులో వాళ్లలో ఒకాయన పేరు గొప్పగా ఎత్తాను. పక్క బల్ల దగ్గర కూర్చున్న సీనియరు చెంచా ఆపి, "ఎవరతను? ఆ పేరుగలవాళ్లు అందులో ఎవరూ లేరే" అంది. బల్లంతా నవ్వు. ఏడాదిగా ఆయన పాటలు వింటున్నాను, ఆయనకి ఏ రంగు ఇష్టమో తెలుసు, ఏ పాటలో ఎక్కడ ఊపిరి తీస్తాడో తెలుసు. పేరు మాత్రం తెలియదు! ఇంగ్లీషులో రాసినదాన్ని చూసి చదివాను మరి. అది వాళ్ల పేర్లకి అరువు చొక్కా, ఎక్కడా సరిగ్గా పట్టదు.

అప్పుడు నువ్వే గుర్తొచ్చావు. కొత్త రూటు పడ్డప్పుడల్లా ఆ ఊరివాళ్లని ఎవరినో ఒకరిని మైకు గదికి పిలిచి, వాళ్ల ఊరి పేరు వాళ్ల నోటితోనే చెప్పించుకుని, ఆ తర్వాతే ప్రకటన చదివేదానివి. అందుకని నేను కొరియన్ అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. లైబ్రరీ కంప్యూటరు ఇచ్చే గంటలో చదివి, కాగితాలు అచ్చు తీయించుకుంటున్నాను. సరిగ్గా పలకడం వచ్చేదాకా వాళ్ల పేర్లు ఇంకో లిపిలో రాయనని ఒట్టు పెట్టుకున్నాను. అందాకా వాళ్లు నీలిజుట్టు, పొడుగాయన, నిద్రమొహం... అంతే.

ఆ అక్షరాలు భలే తమాషా. మనలా వరసలో నడవవు. రెండో మూడో కలిసి ఒక చదరపు గదిలో కాపురం పెడతాయి. ఒకటి పక్కన, ఒకటి మన ఒత్తులాగా కింద. ఒక్కో గది ఒక్కసారి నోరు తెరిచి పలికే ముక్క. ఇంకా చదవడం రాలేదు, చూస్తూ కూర్చుంటున్నాను.

ఒక కోరిక. ఆగస్టులో కాలేజీ వార్షికోత్సవానికి మావాళ్లు ఈ పాటకి డాన్సు చేస్తున్నారు. ముందు ఏడుగురి పేర్లూ ఒక్కొక్కటిగా ప్రకటించాలి. నేను నేర్చుకుని నీకు నేర్పుతాను, నువ్వు నీ బస్టాండు గొంతుతో చదివి రికార్డు చేసి పంపాలి. హాలు దద్దరిల్లిపోవాలి!

నీ వసపిట్ట

*

జూన్ 18

వసపిట్టా,

నీ ఉత్తరం అందింది. చదవడం మొదలుపెడితే మధ్యలో ఊపిరి తీసుకోవడానికి చోటే లేదు. నీకు ఎవరో వస కాస్త ఎక్కువే పోశారు.

నేను బాగానే ఉన్నాను. మీ మామయ్య కూడా బాగానే ఉన్నాడు, మోటార్ల షాపు నుంచి వచ్చేటప్పుడు ఒంటినిండా గ్రీజు తెస్తున్నాడు, ఇంట్లో ఏ పిడి పట్టుకున్నా చెయ్యి జారుతోంది. నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటున్నాను. బస్టాండులో రికార్డు చేసిన ప్రకటనలు వేస్తున్నారట. ఎవరో అమ్మాయి గొంతు, బాగానే ఉందంటున్నారు. కొన్ని ఊళ్ల పేర్లు మాత్రం చంపేస్తోందని మీ మామయ్య అన్నాడు. నేను వినడానికి వెళ్లలేదు.

నువ్వు అక్షరాలు నేర్చుకోవడం మంచిదే. ఒక ఊరి పేరు మనకి బోర్డు మీద రాత. అక్కడ పుట్టినవాడికి అది ఇల్లు. తప్పు పలికితే వాడు బస్సెక్కుతాడు గానీ మొహం చిన్నబుచ్చుకుని ఎక్కుతాడు. మనుషుల పేర్లు అంతకంటే ఎక్కువ. ఆ పాటగాళ్లకి నువ్వెవరో తెలియకపోయినా సరే, నువ్వు సరిగ్గా పలకడం నీ మర్యాద.

రికార్డు సంగతి మాత్రం నాకు పెట్టకు. కుదరదు. ఎందుకని అడగకు. నీ కాలేజీలో గొంతున్న పిల్లలు బోలెడుమంది ఉంటారు, వాళ్లలో ఎవరినైనా చూసుకో.

ఫోనుకి కూడా తొందరపడకు. ఉత్తరాలు రాయి. చదువుకోవడానికి బాగుంటాయి.

అత్తయ్య

*

జూన్ 27

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అలిగాను. "కుదరదు, ఎందుకని అడగకు" అని నువ్వెప్పుడూ నాకు రాయలేదు. పాటగాళ్ల పిచ్చి నీకు చిన్నపిల్లల చేష్టగా కనిపించింది కాబోలు, మొహమాటానికి మర్యాదా గిర్యాదా అని రాశావు కాబోలు అనుకున్నాను. ఇంకా అలక పూర్తిగా పోలేదు. కానీ నిన్న తెలిసిన సంగతి నీకు చెప్పకుండా ఉంటే నా కడుపు ఉబ్బిపోతుంది.

అత్తయ్యా, ఆ అక్షరాలు బొమ్మలు! చెట్టు బొమ్మా, ఇంటి బొమ్మా కాదు. మన నోటి బొమ్మలు!

ఎప్పుడో దాదాపు ఆరు వందల ఏళ్ల కిందట ఒక రాజుగారి కాలంలో వాటిని చేశారట. అప్పటిదాకా పక్క దేశం లిపిలో రాసుకునేవాళ్లు, అది నేర్చుకోవడానికి మామూలు జనానికి తీరిక ఎక్కడిది? అందుకని, మనిషి పలికేటప్పుడు నోట్లో ఏం జరుగుతుందో చూసి, దాన్నే అక్షరంగా గీశారు. అయిదు బొమ్మలు గీసి పంపుతున్నాను. ఎడమవైపు తిరిగిన మొహాన్ని నిలువునా కోసినట్టు ఊహించుకో. మొదటిది, అడ్డగీత గీసి కుడి చివర కిందికి దించినట్టుంటుంది. నాలుక వెనక భాగం లేచి గొంతుకి అడ్డం పడింది, మన "క" దగ్గర జరిగేదే. రెండోది, నిలువుగీత కిందికి వచ్చి కుడివైపు తిరుగుతుంది. నాలుక కొన లేచి పైపళ్ల వెనక తాకింది, అది "న". మూడోది చదరం. అది నోరు. పెదవులు మూసి "మ" అను, అదే. నాలుగోది రెండు కాళ్లు చాపినట్టుంటుంది, అది పన్ను, "స". అయిదోది మన సున్నాయే, అది గొంతు!

అంతటితో అయిపోలేదు. ఊపిరి ఇంకాస్త గట్టిగా తగిలితే ఆ బొమ్మకే ఇంకో గీత తగిలిస్తారు. ఊపిరికి గీత! ఇన్నేళ్లు మాట్లాడాను, ఒక్కసారైనా నా నాలుక ఎక్కడుందో చూసుకున్నానా? లైబ్రరీలో కూర్చుని "క, న, మ" అంటూ నోట్లో వేలు పెట్టి చూసుకుంటుంటే లైబ్రేరియన్ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

నువ్వు కూడా చెయ్యి అత్తయ్యా. అద్దం ముందు నిలబడి ఈ అయిదూ ఒక్కొక్కటే నెమ్మదిగా పలుకు. నాలుక ఎక్కడ తగులుతోందో, పెదవులు పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో చూసుకో. రోజూ కాసేపు చేస్తే చాలు. ఎలా ఉందో ఆదివారం ఫోనులో చెప్పు. జలుబు తగ్గే ఉంటుంది కదా?

వసపిట్ట

*

జులై 5

కోడలు పిల్లకి,

నీ బొమ్మలు అందాయి. మీ నాన్న నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు. ఎవరికీ చెప్పవద్దని చేతులు పట్టుకుని మరీ అడిగాను. చెప్పాడు, సరే. నువ్వైనా "అత్తా, నాకు తెలిసింది" అని రాయవచ్చు కదా. పాటగాళ్లు, రాజుగారు, అక్షరాలు అని ఇంత కథ అల్లి, మందు బెల్లంలో పెట్టి ఇవ్వడం దేనికి? నేనేమైనా చంటిపిల్లనా?

సరిగ్గా ఇవే బొమ్మలు, నాకు మళ్లీ పలకడం నేర్పడానికి ఇంటికి వచ్చే మాటల పంతులమ్మ కూడా తెచ్చి గోడకి అంటించింది. అదే నిలువునా కోసిన మొహం, అదే నాలుక. అద్దం ముందు నిలబడమంది. నాలుక ఇక్కడ పెట్టు, పెదవులు మూయి, రోజూ కాసేపు చెయ్యి అంది. ఆమె మాటలు నీ ఉత్తరంలో అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. అద్దం మీద తువ్వాలు కప్పి ఎన్నాళ్లయిందో మీ నాన్న అది కూడా చెప్పే ఉంటాడు.

ఎలాగూ తెలిసింది కాబట్టి పూర్తిగానే తెలుసుకో. మే నెలలో ఒక పొద్దున మైకు ముందు కూర్చున్నాను. "ప్రయాణికులకు గమనిక" అన్నాను. ఆ తర్వాత ఊరి పేరు రావాలి. నోట్లోంచి ఏదో వచ్చింది, అది ఊరు కాదు. మళ్లీ అన్నాను. మళ్లీ అదే. అద్దాల కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారాల మీద జనమంతా తలలెత్తి స్పీకరు వైపు చూస్తున్నారు. కొందరు నవ్వుతున్నారు. తలలో ఏదో నరం మూసుకుపోయిందన్నారు డాక్టర్లు. చెయ్యి బాగుంది, కాలు బాగుంది, బుర్రలో మాటలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. నాలుకకీ, ఎడమవైపు పెదవికీ మాత్రం నేను చెప్పేది వినబడటం లేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక సబ్బు కోసం కొట్టుకి వెళ్లాను. అడిగాను. "ఆఁ?" అన్నాడు. మళ్లీ అడిగాను. "ఆఁ?" అని, నా వెనకున్నవాళ్ల వైపు చూసి, చేత్తో గ్లాసు ఎత్తి తాగినట్టు సైగ చేశాడు. ఆరోజు నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. మీ మామయ్యకి కూడా చీటీలే.

సెప్టెంబరు మొదటివారంలో డిపో మేనేజరు ముందు మైకులో చదవాలి. చదివితే మైకు గది నాది. లేకపోతే వెనక గదిలో పాత కాగితాల కట్టల మధ్య కుర్చీ వేస్తారట. అక్కడ మాట్లాడాల్సిన అవసరం ఉండదు కాబట్టి నాకు సుఖమని అంటున్నారు.

నీకు అద్దం ముందు సరదాగా ఉండవచ్చు. నాకు లేదు.

అత్తయ్య

*

జులై 11

అత్తయ్యా,

నాకు ఏమీ తెలియదు. నాన్న నాకు జలుబు అనే చెప్పాడు. నేను నమ్మాను. ఒట్టు, అత్తయ్యా. లైబ్రరీలో అచ్చు తీయించుకున్న కాగితం దీనితోపాటు పెడుతున్నాను, చూడు. అందులో రాజుగారూ ఉన్నారు, కోసిన మొహమూ ఉంది. నమ్మకపోతే కింద మా రూమ్మేటు సాక్షి సంతకం కూడా పెట్టింది.

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. చదివి ఏడ్చాను. కొట్టువాడి మీద కోపం వచ్చింది, నాన్న మీద వచ్చింది, హాలు దద్దరిల్లాలని రాసిన నా మీద అందరికంటే ఎక్కువ వచ్చింది. నువ్వు చీటీలు రాసుకుంటూ కూర్చుంటే నేను నిన్ను రికార్డు చేసి పంపమన్నాను.

ఇప్పుడేం రాయాలో తెలియడం లేదు. ధైర్యంగా ఉండు అని రాస్తే నువ్వు ఈ కాగితం పొయ్యిలో పెడతావు. అందుకని నా కష్టం నేను రాస్తాను. నాకూ పలకడం రావడం లేదు. నిద్రమొహం ఆయన పేరు చివర ఆ చదరం ఉంది, పెదవులు మూసే అక్షరం. అక్కడ పెదవులు మూసి అలాగే ఆగిపోవాలి. నా నోరు ఆగదు! మూసిన వెంటనే తెరుచుకుని చివర ఒక "ఉ" తగిలిస్తుంది. బస్సు, కారు, పెన్ను, మైకు, మనవాళ్ల నోరు ఏ మాటనీ తలుపు మూసి పంపదు కదా. నీ పెదవి మూసుకోదు, నాది మూసుకుంటే మూసి ఉండదు.

ఏడు పేర్లూ ఇంకో కాగితం మీద రాశాను. తెలుగులో కాదు, ఒట్టు ఉంది కదా. వాళ్ల అక్షరాల్లోనే రాశాను. అయిదు బొమ్మలు నీకు తెలుసు, మిగిలినవి పక్కన గీశాను. ఇష్టం ఉంటే చూడు. లేకపోతే లేదు. నువ్వేమైనా చేయాలని పంపడం లేదు. నా దగ్గర ఇంతకంటే గొప్ప వస్తువు ఏదీ లేదు, అందుకు పంపుతున్నాను.

మైకులో పేర్లు ఇక నేనే చదవాలి. గొంతున్న పిల్లలెవరూ ముందుకు రావడం లేదు. మైకు ముందు ఎలా నిలబడాలో రాస్తావా?

నీ వసపిట్ట

*

జులై 24

వసపిట్టా, నా తల్లీ,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. మీ నాన్నకి ఒక పెద్ద చీటీ రాసి క్షమాపణ చెప్పాను. అది పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మీ మామయ్య ఇద్దరికీ టీ పెట్టాడు, అందులో చక్కెర మర్చిపోయాడు.

నువ్వు పంపిన కాగితం మాటల పంతులమ్మకి చూపించాను. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇవి మా పుస్తకాల్లో ఉన్న బొమ్మలే కదండీ! యంత్రాలు లేని రోజుల్లో ఇంత లోపల జరిగేది ఎలా చూశారు?" అని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. "న" అంది, "క" అంది, వాళ్ల గీత చూసింది, మళ్లీ "న" అంది. ఆమెకి ఇదే రోజూ చేసే పని, అయినా చిన్నపిల్లలా నోరు తెరిచింది. ఆ నోరు తెరవడం చూశాక నాకు తువ్వాలు తీయబుద్ధయింది. తీశాను. పెదవి ఒక పక్కకి జారి ఉంది. ఉండనీ అనుకున్నాను. ఆరోజు నేను చూడదలుచుకున్నది నా మొహాన్ని కాదు, నాలుకని.

నీకొక మాట చెప్పాలి. ఇన్నాళ్లూ పంతులమ్మ నాతో మన మాటలే పలికించేది. "నీళ్లు" అనమంటుంది. నేను అనేలోపలే నా పాత గొంతు లోపల "నీళ్లు" అని గంటలా మోగుతుంది. ఆ తర్వాత బయటికి వచ్చేది వింటే చచ్చిపోవాలనిపిస్తుంది. ఏ మాట ఎత్తినా అంతే, ముప్పై ఏళ్ల గొంతు వెనకే నిలబడి నవ్వుతుంది. కానీ నీ నిద్రమొహం ఆయన పేరు నా పాత గొంతుకి తెలియదు! అది ఎప్పుడూ పలకలేదు. అక్కడ నన్ను పోల్చడానికి ఎవరూ లేరు. గీతలు చూసుకున్నాను. నాలుక ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను. చివర చదరం వచ్చింది. ఎడమ పెదవిని వేలితో నొక్కి మూశాను. ఆగాను. నీకు ఆగడం రాదన్నావు, నాకు తెరవడం కంటే ఆగడమే తేలిక. పంతులమ్మ మళ్లీ అనమంది. మళ్లీ అన్నాను. నా నోటిలోంచి వచ్చింది ఒక పేరు, కోడలా. మే నెల తర్వాత మొదటిసారి నేను ఏది అనాలనుకున్నానో అదే బయటికి వచ్చింది.

మీ మామయ్య పక్క గదిలోంచి తొంగిచూసి, "పొద్దుటినుంచీ ఎవడ్నే పిలుస్తున్నావు? నా పేరు మాత్రం ఒక్కసారీ ఎత్తవు" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకి ఆయనకి అనుమానం తెప్పించావు. నువ్వు పేర్లతోపాటు పంపితే గోడకి అంటించుకున్న ఆ పిల్లాడి బొమ్మ చూపిస్తే, "నిద్రపోయి లేచినట్టున్నాడు, వీడా!" అని నిమ్మళించాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలో గెలిచి ఇంటికి వస్తున్నాను. ఆ ఏడుగురి దగ్గర నేర్చుకున్న నాలుకతో మన మాటలకి తిరిగి వస్తున్నాను. అప్పుడు ఇంకో సంగతి కనిపించింది. క నుంచి మ దాకా మన అక్షరాలు పలికి చూడు. క, ఖ, గ, ఘ గొంతు దగ్గర. చ, జ కాస్త ముందుకి. ట, డ అంగిలి మీద. త, ద పళ్ల దగ్గర. ప, బ, మ పెదవుల మీద. అదొక బస్సు రూటు! గొంతులో బయలుదేరి, ఏ స్టాపూ వదలకుండా, పెదవుల దగ్గర దిగుతుంది. చిన్నప్పుడు బెత్తానికి భయపడి పాట పాడినట్టు అప్పజెప్పామే గానీ ఆ పాట మన నోట్లో ప్రయాణమని ఎవరు చెప్పారు? వాళ్లు నోటిని గీశారు, మనవాళ్లు నోటిని వరసలో పెట్టారు. ఎవరినీ ఎవరూ అడగలేదేమో, ఇద్దరూ ఒకే చీకట్లోకి దీపం పట్టుకుని చూశారు. వాళ్లకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

మైకు సంగతి. దాన్ని మింగేసేలా దగ్గరికి పోకు, ఒక జానెడు దూరం ఉంచు. నిలబడగానే మొదలుపెట్టకు. పేరు ముందు మనసులో ఒకసారి పూర్తిగా అనుకుని, ఆ తర్వాతే నోరు విప్పు. జనం వంక చూడకు, దూరంగా చివర నిలబడ్డవాళ్లలో ఒకరికి మాత్రమే చెప్పు. తొందరపడేది బస్సు, మనం కాదు.

నీ అత్తయ్య

*

ఆగస్టు 23

అత్తయ్యా!

చెప్పేశాను! ఏడుగురూ!

తెర వెనక ఏడు పేర్లూ మనసులో ఇంకోసారి అనుకున్నాను. ఆ సీనియరు మొదటి వరసలోనే కూర్చుంది, కావాలనే కూర్చుంది. మైకు జానెడు దూరంలో పెట్టుకున్నాను. హాలు చివర గోడకి ఆనుకుని ఒక వంటామె నిలబడి ఉంది, ఆమెకే చెప్పాలనుకున్నాను. నీలిజుట్టు పేరు అన్నాను. కేక. పొడుగాయన పేరు అన్నాను. కేక. నిద్రమొహం దగ్గరికి వచ్చేసరికి నువ్వు వేలితో పెదవి నొక్కుకోవడం గుర్తొచ్చింది. పలికాను, పెదవులు మూశాను, ఆగాను. "ఉ" రాలేదు! హాలంతా ఒక్క క్షణం నాతోపాటు పెదవులు మూసుకుని ఆగింది. ఆ నిశ్శబ్దం నేను చేశాను, అత్తయ్యా. ఆ తర్వాత పైకప్పు ఎగిరిపోయింది. కార్యక్రమం అయ్యాక సీనియరు వచ్చి, "చివర ఎలా ఆపావు? నేర్పుతావా?" అంది. బెట్టు చేద్దామనుకున్నాను గానీ చేతకాలేదు. మెస్సులో ఆమెకి అయిదు బొమ్మలూ గీసి చూపించాను. ఆమె కూడా నోట్లో వేలు పెట్టుకుంది.

అచ్చుల సంగతి నీకు చెప్పనే లేదు. అవి మూడింటి నుంచే పుట్టాయట. చుక్క ఆకాశం. పడుకున్న గీత నేల. నిలబడ్డ గీత మనిషి. అంటే ఏ పేరు రాసినా అందులో ఒక నోరు ఉంటుంది, దాని పక్కన నేలో, ఆకాశమో, మనిషో ఉంటారు. ఆ సంగతి తెలిశాక అలమర తలుపు తెరిచి ఆ బొమ్మల కింద పేర్లు ఒక్కొక్కటే చదివాను. ఏడాదిగా గీతలు గీతలుగా కనిపించినవి ఉన్నట్టుండి పేర్లయిపోయాయి. ఇక వాటిని గీతలుగా చూడాలన్నా కనిపించడం లేదు. ఎంత పెద్ద పని జరిగిందో, చప్పుడే లేదు!

ఒకటి అడుగుతాను, కోప్పడకు. కిందటి ఆదివారం నాకు ఫోను వచ్చిందని పిలిచారు. ఎత్తితే అవతల ఊపిరి వినిపించింది. "హలో, హలో" అన్నాను. ఎవరో ఏదో అనబోయి పెట్టేశారు. అది నువ్వేనా?

నీ పరీక్ష దగ్గరికి వచ్చేసింది. నాకు చదువు మీద మనసు నిలవడం లేదు.

వసపిట్ట

*

సెప్టెంబరు 7

నా వసపిట్టకి,

ఆ ఊపిరి నాదే. నీ "హలో" వినగానే పాత గొంతు మళ్లీ వెనక నిలబడింది. ఇంకోసారి అలా పెట్టేయను.

నీ హాలు సంగతి మీ మామయ్యకి చదివి వినిపించాను. అవును, నా నోటితోనే చదివాను. కొన్నిచోట్ల "ఆఁ?" అన్నాడు. ఆయనకి చెవుడు కూడా మొదలైందనుకో.

పరీక్ష అయింది. మైకు గదిలో నా కుర్చీ అలాగే ఉంది, దిండు మాత్రం ఎవరో మార్చారు. మేనేజరుగారు బయట ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. నేను చదివాను. ప్రతి ఊరి ముందూ నాలుక ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టుకుని, తొందరపడకుండా చదివాను. ఒక్క ఊరూ తప్పు పలకలేదు. కానీ నా మాట ఇప్పుడు నెమ్మదిగా నడుస్తుంది, స్పీకర్లలో పడితే అంచులు కలిసిపోతున్నాయి. నాకే వినబడింది. మేనేజరుగారు లోపలికి వచ్చి పెన్ను మూత తీసి పెడుతున్నారు. మంచి మనిషి, పాపం. "వెనక గది సిద్ధం చేయించానమ్మా, అక్కడ మీకు మాట్లాడే శ్రమ ఉండదు" అన్నారు.

నాకు ఏడుపు రాలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది. "విచారణ కిటికీ ఇవ్వండి" అన్నాను.

ఆయన కంగారుపడ్డారు. "అక్కడ రోజంతా మాట్లాడాలి కదమ్మా."

"అందుకేనండీ."

అనేశాను గానీ, కోడలా, ఆ రాత్రి అన్నం సయించలేదు. మైకు గదిలో ముప్పై ఏళ్లు ఎవరికీ కనబడకుండా మాట్లాడాను. కిటికీ దగ్గర మొహానికి మొహం. జారిన పెదవి కనిపిస్తుంది. నేను ఒక మాట పలకడానికి పట్టే ఆలస్యం కనిపిస్తుంది. ఎదుటివాడు నవ్వితే అద్దం అవతల ఎక్కడో కాదు, జానెడు దూరంలో నవ్వుతాడు. నాకు వెళ్లబుద్ధి కాలేదు. మీ మామయ్య పొద్దున్నే తయారై, షాపుకి ఆలస్యమైనా సరే, నన్ను డిపో గేటు దాకా దింపి వెళ్లాడు. దారిలో ఒక్క మాటా అనలేదు. అనకపోవడం ఆయనకి ఎంత కష్టమో నీకు తెలుసు.

కిటికీ తెరిచాను. మొదట ఒక పెద్దాయన వచ్చాడు, భుజాన సంచీ, చేతిలో గొడుగు. తన ఊరి పేరు చెప్పి, బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగాడు. ఆ ఊరి పేరు నేను వేలసార్లు పలికాను, ఒక్కసారీ ఆ ఊరి మనిషి మొహం చూసి పలకలేదు. మనసులో ఒకసారి అనుకున్నాను. నాలుక లేచింది, పళ్ల వెనక తాకింది, పెదవులు మూసుకున్నాయి, తెరుచుకున్నాయి. ఆయన ఊరి పేరు ఆయనకి చెప్పి, నాలుగో ప్లాట్‌ఫారం అన్నాను, ఇంకాసేపట్లో వస్తుంది అన్నాను. చెప్పి, కిటికీ చెక్క గట్టిగా పట్టుకుని, ఆయన "ఆఁ?" అంటాడని చూస్తున్నాను.

ఆయన అనలేదు. "సరేనమ్మా" అని సంచీ సర్దుకుని నాలుగో ప్లాట్‌ఫారం వైపు నడిచి వెళ్లిపోయాడు.

అత్తయ్య